నీకు నొప్పులు అలవాటే కదా

ఈ మాట నాతో మూడు భాషల్లో అన్నారు. మా వీధి చివర ఇడ్లీ బండి పెట్టుకునే పిన్ని తెలుగులో అంది. షాపుకి బీపీ మాత్రలకొచ్చే రిటైర్డ్ మాస్టారు ఒడియాలో అన్నారు. ఆపరేషన్ చేయాల్సిన సర్జన్ గారు సగం ఇంగ్లీషు, సగం తెలుగు కలిపి అన్నారు. ముగ్గురూ నాకు ధైర్యం చెప్పడానికే అన్నారు, అందులో అనుమానం లేదు. పదకొండేళ్ళుగా ఒళ్ళంతా నొప్పులతో బతుకుతున్నదానికి పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు ఒక లెక్కా అని వాళ్ళ ఉద్దేశం. నేను కూడా నవ్వి తలూపాను.

ఆ నాలుగు గాట్లూ మాని ఐదు నెలలైంది. ఇప్పుడు తీరిగ్గా కూర్చుని ఆ మాటతో తగువు పెట్టుకోవాలనిపిస్తోంది.

మాది రాయగడ. ఒడిశాయే, కానీ మా వీధిలో పాలు పోసే ఆయన దగ్గర్నుంచి గుళ్ళో పంతులుగారి దాకా అందరిదీ తెలుగే. పుట్టిల్లు పార్వతీపురం, రైలెక్కితే ఎంతో దూరం లేదు. మా ఆయనా నేనూ స్టేషన్‌కి వెళ్ళే దారిలో మందుల షాపు నడుపుతాం. డీ ఫార్మసీ చదివింది నేను, లైసెన్సు నా పేరు మీదే. ఆయన లెక్కలు చూస్తారు, ఆ లెక్కల్ని నేను చూస్తాను.

ఒళ్ళంతా నొప్పులు పెట్టే నా జబ్బు పేరు ఫైబ్రోమయాల్జియా. పేరు దొరకడానికే మూడేళ్ళు తిరిగాను. రక్త పరీక్షలు నార్మల్, ఎక్స్‌రేలు నార్మల్, నేను మాత్రం నార్మల్ కాదు. చివరికి విశాఖలో ఒక పెద్దాయన, కీళ్ళ డాక్టరు, ఒంటి మీద 18 చోట్ల బొటనవేలితో నొక్కి చూశారు. 1990లో అమెరికా రుమటాలజీ కాలేజీ వాళ్ళు పెట్టిన లెక్క అది, 18లో 11 చోట్ల నొప్పి ఉంటే ఈ జబ్బు కింద రాసేవారు. 2010లో ఆ పద్ధతి మార్చారు గానీ ఆయన పాతకాలం మనిషి, వేలినే నమ్ముతారు. నాకు 16 వచ్చాయి. చదువుకునే రోజుల్లో ఏ పరీక్షలోనూ అంత శాతం రాలేదు.

అప్పట్నుంచి పొద్దున ఒక డ్యులోక్సెటిన్ క్యాప్సూల్, రాత్రి ఒక ప్రీగాబలిన్. వీటితో నొప్పి పోదు. పదికి ఏడు ఉండేది నాలుగైంది. ఆ నాలుగుతోనే కౌంటర్‌లో నిలబడతాను, పై అర అందకపోతే స్టూలెక్కుతాను, రాత్రి వంట చేస్తాను. ఈ నాలుగు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మొన్న కనుమ నాడు మినపగారెలు, కోడికూర తిన్నాం. కనుమ నాడు మినుము తినకపోతే ఎలా. రాత్రి పదకొండింటికి కుడిపక్క డొక్క కింద మొదలై, వెనక రెక్క ఎముక దాకా నొప్పి పాకింది. నేను వేడినీళ్ళ బ్యాగ్ పెట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాను. అది మొదటిసారి కాదు. దసరా ముందు నుంచీ అలా నాలుగైదుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా నా పాత నొప్పే కాస్త రెచ్చిపోయిందనుకున్నాను, ఎందుకంటే కుడి రెక్క ఎముక నా పదహారు చోట్లలో ఒకటి. కొత్త నొప్పి పాత నొప్పి చీర కట్టుకుని వస్తే ఎవరు గుర్తుపడతారు?

మా అమ్మ గుర్తుపట్టింది. పండక్కి వచ్చి ఉంది. మంచం మీంచి లేచి వచ్చి పక్కన కూర్చుని, ఎలా ఉందని అడిగింది. "పొడుస్తోందమ్మా" అన్నాను. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి, "ఏటే, రోజూ సలుపుతోందంటావు, పీకుతోందంటావు. ఇయాల పొడుస్తోందంటున్నావేటి? ఇది నీ నొప్పి కాదే" అంది.

మా అమ్మ అయిదో తరగతి దాకా చదివింది. నేను రోజూ నొప్పి మాత్రలు అమ్ముతాను. అయినా నా నోట్లో మాట మారిందని పట్టుకున్నది ఆవిడ. మనకి నొప్పికి ఎన్ని మాటలున్నాయో ఆ రాత్రే ఆలోచించాను. సలుపు వేరు, పోటు వేరు. పీకు, తీపు, మంట, తిమ్మిరి, కలుక్కుమనడం, జివ్వుమనడం. కాళ్ళు తీపులు పుడుతున్నాయంటే ఎముకలో నొప్పని ఎవరూ అనుకోరు. ఒడియాలోనూ అంతే, తలనొప్పికి ముండబింధా అంటారు, కడుపునొప్పి వస్తే పేట కాటుచి అంటారు. తల పోటేస్తుంది, కడుపు కోస్తుంది. ఇవన్నీ ఆస్పత్రి గుమ్మం దాటి కేస్ షీట్‌లో పడేసరికి ఒకటే మాటైపోతాయి: పెయిన్. ఉందా లేదా, అంతే.

స్కానింగ్‌లో పిత్తాశయం నిండా రాళ్ళు కనిపించాయి. పెద్దది 14 మిల్లీమీటర్లు. లక్షణాలన్నీ పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. నూనె వస్తువు తిన్న రాత్రి రావడం, వచ్చాక అరగంట నుంచి కొన్ని గంటలు విడవకుండా పట్టి ఉంచడం, వీపులోకి పాకడం. ఇవే లక్షణాలు ఇంకొకరు కౌంటర్ దగ్గర చెప్పి ఉంటే స్కానింగ్ తీయించుకోమని అప్పుడే అనేదాన్ని. నాకు నేను చెప్పుకోలేదు. నొప్పి అలవాటైనవాళ్ళకి జరిగే మొదటి నష్టం ఇదే, కొత్త నొప్పికి గుర్తింపు రాదు. డాక్టర్లూ ఇదే పొరపాటు చేస్తారు గానీ ఈసారి వాళ్ళని అనడానికి లేదు, నేనే చేశాను.

ఇంక అలవాటు సంగతికి వద్దాం.

నా పరిస్థితి చూసి జాలిపడిన వాళ్ళంతా వాడిన సామెత ఒకటుంది, గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇడ్లీ పిన్ని కూడా అదే అంది, ఆ తర్వాత రెండు నిమిషాలకి నీకు అలవాటే కదా అంది. ఈ రెండు మాటలకీ ఒకదానికొకటి పడదని ఆవిడకి తట్టలేదు. గోరుచుట్టు వచ్చిన వేలికి నొప్పి అలవాటైపోయింది, కాబట్టి రోకలి తగిలినా తెలియదు అని ఆ సామెత చెప్పట్లేదు కదా. మంచి వేలి మీద పడితే ఒక దెబ్బ, ఆ వేలి మీద పడితే పది దెబ్బలు అని చెప్తోంది. దంపుళ్ళ కాలంలో ఈ సామెత కట్టిన మనిషికి మన నరాల సంగతి బాగా తెలుసు.

సైన్సు అక్కడికి చేరడానికి టైం పట్టింది. 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ అనే ఆయన ఎలుకల మీద ప్రయోగం చేసి, దెబ్బ తగిలాక ఆ దెబ్బ తగిలిన చోటే కాకుండా వెన్నుపాము కూడా మారిపోతుందని చూపించాడు. లోపలి నరాల సర్క్యూట్ సున్నితమైపోయి, చిన్న సంకేతాన్ని కూడా పెద్దది చేసి పైకి పంపుతుంది. మా వీధి వినాయకుడి పందిట్లో మైకు వాడు వాల్యూమ్ మొత్తం పెంచి టీకి వెళ్ళిపోతాడు చూడండి, అప్పుడు పక్కన ఎవరు దగ్గినా రైల్వే గేటు దాకా వినపడుతుంది. దగ్గినవాడి తప్పేం లేదు. నా ఒంట్లో మైకు పదకొండేళ్ళుగా అలాగే ఉంది. ఇలాంటి నొప్పికి నోసిప్లాస్టిక్ అని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2017లో ఒక పేరు ఖాయం చేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా కొత్త కూర్పు 2022లో అమల్లోకి వచ్చింది, దీర్ఘకాలపు నొప్పి అందులో ఒక జబ్బుగా సొంత చోటు సంపాదించింది. అంటే నాకు నొప్పి మొదలైన చాలా ఏళ్ళకి గానీ నా నొప్పికి రేషన్ కార్డు రాలేదు.

కాబట్టి ఎవరికైనా ఆపరేషన్‌కి ముందే ఒంట్లో పాత నొప్పి ఉంటే, తర్వాత నొప్పి ఎక్కువగా ఉండటానికి, నెలల తరబడి ఉండిపోవడానికి అవకాశం పెరుగుతుంది. మత్తు డాక్టర్లందరికీ ఇది తెలుసు. వాళ్ళ పుస్తకాల్లో ఉంది. మరి అలవాటే కదా అనే మాట ఎక్కడ్నుంచి వస్తుంది? ఓర్పు అనే మాట దగ్గర్నుంచి అనుకుంటాను. నొప్పితో పని చేసుకునేవాళ్ళని చూసి మనం ఓర్పు గలవాళ్ళంటాం, అందులోనూ ఆడవాళ్ళనైతే మరీ. ఓర్చుకోవడం అంటే బయటికి కనిపించకుండా చేయడం. నరాలకి ఆ సంగతి తెలియదు.

ఇదంతా తెలిసి కూడా నేను మొదటిసారి బోర్లా పడ్డాను.

ఆ ఆస్పత్రి ఏ ఊళ్ళోదో, పేరేంటో చెప్పను. సర్జన్ గారు స్కానింగ్ చూశారు, మాట్లాడారు, మంచివారే. ఆయన వెళ్ళాక ఒక కుర్ర డాక్టరు చీటీ మీద ఐదు రోజుల ముందు నుంచి మందులన్నీ ఆపేయమని రాసిచ్చాడు. రక్తం పలచబడే మందులు కొన్ని ముందుగా ఆపిస్తారు, అది నిజం. ఆ ఒక్క సూత్రాన్ని అందరికీ అన్ని మందులకీ పులిమేశాడు. నాలాంటివాళ్ళు వేసుకునే డ్యులోక్సెటిన్ ఒక్కసారిగా ఆపాల్సింది కాదు, ఆపాలన్నా మెల్లిగా తగ్గించాలి. ఈ ముక్క నేను షాపులో రోజుకి ఒక్కరికైనా చెప్తాను. "డాక్టర్ని అడక్కుండా మానకండమ్మా" అని. నా వంతు వచ్చేసరికి చీటీ చూసి నోరు పెగల్లేదు. తెల్లకోటు ముందు కూర్చుంటే ఫార్మసిస్టు కూడా పేషెంటే.

రెండో రోజుకే తెలిసింది. తల పక్కకి తిప్పితే చాలు, రెండు చెవుల మధ్య కరెంటు జిల్లుమన్నట్టు. నిలబడితే తూలు. చెమటలు, వికారం, ఏడుపు. మూడో రోజుకి నాలుగు కాస్తా ఎనిమిదైంది. అలాగే ఆస్పత్రికి వెళ్ళి చేరాను. ఆపరేషన్ రోజు పొద్దున మత్తు డాక్టరు నా చేతులు వణకడం, బీపీ చూసి ఇవాళ వద్దన్నారు. నర్సమ్మ నా మందుల పేర్లు చూసి, "మీరు డిప్రెషన్ పేషెంటా మేడం? ముందే చెప్పాలి కదా" అంది. డ్యులోక్సెటిన్‌ని ఆ జబ్బుకీ వాడతారు, నొప్పికీ వాడతారు. ఆ వివరం చెప్పే ఓపిక అప్పుడు లేదు. డబ్బులు కట్టి, ఖాళీ కడుపుతో, నాలుగు గాట్లూ పడకుండానే రైలెక్కాను. బొబ్బిలి దాటేదాకా కిటికీకి తల ఆనించి కూర్చున్నాను. మా ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. ఆయనకి తెలుసు, మాట్లాడితే అరుస్తానని.

మందులు మళ్ళీ మొదలుపెట్టి కుదుటపడటానికి దాదాపు నెల పట్టింది. ఈ లోగా రాళ్ళు ఊరుకున్నాయి, అది నా అదృష్టం. ఒక రాయి జారి నాళంలో అడ్డం పడి ఉంటే పచ్చకామెర్లో, క్లోమం వాపో వచ్చి ఐసీయూలో తేలేదాన్ని.

రెండోసారి విశాఖలో వేరే ఆస్పత్రికి వెళ్ళాం. ఈసారి సర్జన్‌తో రెండు మాటలే మాట్లాడాను. ఆయన పని పిత్తాశయం, ఆ పని ఆయనకి వచ్చు. నాకు కావాల్సింది మత్తు డాక్టరు. ఆపరేషన్‌కి ముందు ఫిట్‌నెస్ అని ఒక గదికి పంపుతారు. చాలామంది అక్కడ నోరు తెరిచి చూపించి, ఉన్న పళ్ళు, ఊడిన పళ్ళు చెప్పి, సంతకం పెట్టించుకుని వచ్చేస్తారు. అసలు మాట్లాడాల్సింది ఆ గదిలోనే. కోసేది ఒకరు, నొప్పి చూసేది ఇంకొకరు అని మనవాళ్ళకి తెలియక అడగాల్సిందంతా కోసేవాళ్ళనే అడుగుతారు.

నాకు దొరికిన మత్తు డాక్టరు చిన్నమ్మాయి, ముప్పై కూడా ఉండవు. నేను ఒక కాగితం పట్టుకెళ్ళాను. ఒకే పేజీ, ఇంగ్లీషులో రాశాను, నొప్పి చెప్పుకోవడానికి తెలుగు కావాలి గానీ రాయించుకోవడానికి ఇంగ్లీషే కావాలి. మామూలు రోజున నా నొప్పి పదికి నాలుగు అని పైన పెద్ద అక్షరాలతో రాశాను. ఏ మందు ఎంత, ఎన్నింటికి, ఆపితే ఏమైందో రాశాను. ఎడమ భుజం పక్కకి ఎంతవరకు చాపగలనో రాశాను, ఎందుకంటే టేబుల్ మీద చేతులు రెండూ చాపి కట్టేస్తారు, మత్తులో ఉన్న మనిషికి నొప్పి అని చెప్పడం కుదరదు. చలి నాకు పడదని, రాత్రి నిద్ర పట్టకపోతే మర్నాడు నొప్పి రెట్టింపవుతుందని రాశాను. కింద ట్రమడాల్ అని రాసి రెండు గీతలు గీశాను.

ఈ ట్రమడాల్ గురించి కాస్త చెప్పాలి. మా షాపులో అది అమ్మితే హెచ్1 అనే ప్రత్యేక జాబితా మందుల రిజిస్టర్‌లో పేషెంటు పేరు, డాక్టరు పేరు రాయాలి, ఆ రిజిస్టర్ మూడేళ్ళు దాచాలి. 2018 నుంచి అది మాదకద్రవ్యాల చట్టం కిందకీ వచ్చింది. బయట ఇంత కాపలా ఉన్న మందు వార్డులో మాత్రం ఎవరినీ అడక్కుండా సెలైన్‌లో పడిపోతుంది, ఆపరేషన్ అయినవాళ్ళకి చాలాచోట్ల మామూలు నొప్పి మందు అదే. దాన్ని లివర్‌లో ఒక ఎంజైమ్ మారిస్తేగానీ సరిగ్గా పని చేయదు. ఆ ఎంజైమ్‌ని నేను పొద్దున వేసుకునే డ్యులోక్సెటిన్ అణిచి ఉంచుతుంది. అంటే నొప్పి సరిగ్గా తగ్గదు. పైగా రెండూ కలిస్తే ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం శ్రుతిమించి వణుకు, జ్వరం, కంగారు పుట్టే ప్రమాదం ఉంది. నొప్పి తగ్గలేదని ఇంకో డోసు ఎక్కిస్తే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇలాంటివి చదివి పాసైనదాన్ని కాబట్టి నాకు తెలిసింది. తెలియనివాళ్ళ సంగతేంటి అన్నదే నా గొడవ.

ఆ అమ్మాయి కాగితం రెండుసార్లు చదివింది. ఎర్ర పెన్ను తీసి కేస్ షీట్ మీద ట్రమడాల్ వద్దని రాసి చుట్టూ గడి కట్టింది. తర్వాత తను ఏం చేస్తుందో చెప్పింది. పొద్దున ఆరింటికి గుక్కెడు నీళ్ళతో మీ క్యాప్సూల్ మీరు వేసేసుకోండి అంది. గాట్లు పెట్టే చోట్లన్నీ ముందే తిమ్మిరి ఇంజెక్షన్ చేయిస్తానంది, ఎందుకంటే మనిషికి మత్తిచ్చినా గాటు పడ్డ కబురు వెన్నుపాము దాకా వెళ్తూనే ఉంటుంది, దారిలోనే ఆపడం మంచిది. పారాసెటమాల్ సెలైన్‌లో టైం ప్రకారం వెళ్తుందంది, నొప్పి వచ్చాక అడుక్కోనక్కర్లేదు. మార్ఫిన్ లాంటివి తప్పనిసరైతే కొంచెమే ఇచ్చి రాత్రంతా ఆక్సిజన్ చూస్తూ ఉంటారట, రాత్రి వేసుకునే ప్రీగాబలిన్‌తో అవి కలిస్తే ఊపిరి మందగిస్తుంది. అంతా చెప్పి, "ఆంటీ, ఇంత వివరంగా ఎవరూ చెప్పరు, మేము అడగడానికి టైం ఉండదు" అంది. అక్కడ పట్టిన టైం పది నిమిషాలు.

థియేటర్‌లో చలి. టేబుల్ సన్నగా, మన గుమ్మం బల్లంత ఉంటుంది. మోకాళ్ళ కింద దిండు పెట్టారు. బీపీ పట్టీ ఎడమ చేతికి చుట్టబోతుంటే ఆ అమ్మాయి ఆపి, కుడి చేతికి మార్చి, కింద దూది చుట్టించింది. ప్రతి ఐదు నిమిషాలకీ అది బిగుసుకుంటుంది, బాగున్నవాళ్ళకి అది ఒక విషయమే కాదు, నాకు మర్నాటికి ఆ చోట కమిలినట్టు నొప్పి. ఎడమ చెయ్యి చాపుతూ తన అరచెయ్యి నా భుజం కిందకి పోనిచ్చి, "ఇక్కడ లాగుతోందా? ఇక్కడ?" అని అడిగింది. లాగుతోందా అంది, పెయిన్ ఉందా అనలేదు. విజయనగరం పిల్లేమో, అడగలేదు. "అక్కడే" అన్నాను. చెయ్యి రెండు అంగుళాలు లోపలికి జరిపింది. తర్వాత నాకేం తెలియదు.

ఈ ఆపరేషన్ ఇలా చిన్న గాట్లతో చేయడం 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె మొదలుపెట్టాడు, మన దేశంలో 1990లో ముంబైలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా చేశారు. అంతకుముందు చేయించుకున్న మా పెద్దమ్మకి డొక్క కింద జానెడు మచ్చ ఉంది. ఆవిడతో పోలిస్తే నేను అదృష్టవంతురాలినే, కాదనను.

మెలకువ వచ్చేసరికి పొట్ట దగ్గర పెద్దగా ఏం లేదు. కుడి భుజం మాత్రం పీకేస్తోంది. గుండె జారిపోయింది, పాత జబ్బు రెచ్చిపోయిందనుకున్నాను. అది కాదు. పొట్ట ఉబ్బించడానికి కార్బన్ డయాక్సైడ్ పంపుతారు, అది ఊపిరితిత్తుల కింద అడ్డంగా ఉండే డయాఫ్రమ్ అనే కండరాన్ని గీరుతుంది, డయాఫ్రమ్ నరం కూడా భుజం నరాల్లాగే మెడలోంచి వస్తుంది కాబట్టి మెదడు భుజం అనుకుంటుంది. ఈ ఆపరేషన్ అయినవాళ్ళలో చాలామందికి వస్తుంది, లేచి తిరిగితే రెండు మూడు రోజుల్లో పోతుంది. ఎవరో ఒకరు ముందు రోజు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ రెండు గంటల టెన్షన్ తప్పేది. నా కాగితంలో నేనూ అడగలేదు.

సాయంత్రం డ్యూటీ నర్సు వచ్చి, "నొప్పి పదికి ఎంతమ్మా?" అంది. "ఆరు" అన్నాను. ఆరా అని కంగారుపడి ఇంజెక్షన్ తేబోయింది. ఆగమని, నాకు రోజూ నాలుగు ఉంటుంది, ఇవాళ మీది రెండే అన్నాను. నా మొహంలోకి చూసి నవ్వింది, జోక్ అనుకుంది. కాగితం చూపిస్తే బోర్డు మీద ఆరు పక్కన బ్రాకెట్లో నాలుగు అని రాసుకుంది. ఆ కొలబద్దలో సున్నా అందరికీ ఒకే చోట ఉంటుందనుకోవడమే చిక్కు. నా సున్నా నాలుగు దగ్గర ఉంది. ఆ తేడా రాయకపోతే రెండే జరుగుతాయి. ఆరుకి మందు మీద మందు ఇచ్చి మగత చేస్తారు, లేదా ఈవిడెప్పుడూ ఆరే అంటుంది అని వదిలేస్తారు. రెండోది ఎక్కువ జరుగుతుంది.

మూడో రోజు డిశ్చార్జ్. కాగితం మీద వారంలో మామూలు పనులు చేసుకోవచ్చని రాశారు. గాట్ల లెక్కన అది అక్షరాలా నిజం, ఐదో రోజుకే వాటి నొప్పి పోయింది. మూడో వారంలో, అందరూ పలకరించి వెళ్ళిపోయాక, కుట్లు రాలిపోయాక, పాతది లేచింది. తొడలు, మెడ, మోచేతులు, అరికాళ్ళు. జుట్టు దువ్వుకుంటే నెత్తి మీద చర్మం నొప్పి. ఆరు వారాలు అలాగే ఉంది. షాపులో స్టూలెక్కడం మానేసి కింది అరల్లో మందులే అమ్మాను.

ఆ ఆరు వారాల్లో నన్ను ఎక్కువ కోసింది ఇంకో మాట. "రాళ్ళు తీసేశారుగా, ఇంకా ఏంటి?" మా ఆడపడుచు అయితే, ఇన్నేళ్ళ నొప్పులకీ ఆ రాళ్ళే కారణమై ఉంటాయని ముందు నుంచీ గట్టిగా నమ్మింది. ఆపరేషన్ అయితే అన్నీ పోతాయని మజ్జిగౌరమ్మకి మొక్కుకుంది కూడా. నాలో కూడా ఒక మూల ఆ ఆశ లేదని చెప్పలేను. ఫార్మసీ చదివిన నా బుర్ర వద్దంటూనే ఉంది, ఆశ వింటుందా. రాళ్ళ నొప్పి పోయింది, కనుమ రాత్రి పోటు మళ్ళీ రాలేదు, దానికి ఆపరేషన్‌కి వందకి వంద మార్కులు. ఫైబ్రోమయాల్జియా అసలు ఆ ఆపరేషన్ సిలబస్‌లోనే లేదు.

ఇది రాస్తుంటే మా ఆయన వెనక నుంచి చదివి, నువ్విలా రాస్తే జనం భయపడి ఆపరేషన్లు మానేస్తారు అన్నారు. అందులో నిజం ఉంది. నొప్పులున్నవాళ్ళు ఇంకో నొప్పి పడలేమని హెర్నియాలు, గర్భసంచి గడ్డలు, శుక్లాలు ఏళ్ళ తరబడి మోస్తూ మా షాపుకి వస్తారు. ఒకాయన హెర్నియా బిగుసుకుపోయాక రాత్రికి రాత్రి ఆటోలో వెళ్ళాడు. ఎలాగూ తప్పనిది తీరిగ్గా, నొప్పి సంగతి ముందే మాట్లాడుకుని చేయించుకోవడం వేరు, అర్ధరాత్రి ఎవరికీ ఏమీ చెప్పే వీలు లేకుండా టేబులెక్కడం వేరు. రెండోదాంట్లో కాగితం ఇచ్చే టైం ఉండదు.

డాక్టర్లకి అంత తీరికెక్కడిది అని కూడా ఆయనే అన్నారు. ఓపీలో అరవై మంది కూర్చుని ఉంటారు, నిజమే. కానీ మన బండి సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు మెకానిక్‌కి ఏ గేరు పట్టేస్తోందో చెప్పే కదా వస్తాం. అతనికీ తీరిక ఉండదు. మనం చెప్తాం, ఎందుకంటే తర్వాత నడిపేది మనం. నేను నా మీద కోపంతోనే ఇది అంటున్నాను, మొదటి ఆస్పత్రిలో ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ నెల రోజులు మిగిలేవి. ఆ కుర్ర డాక్టరు తప్పు రాశాడు, నేను తప్పని తెలిసీ చేశాను. ఎవరి వాటా ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

నా రాళ్ళు ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఇచ్చారు. పదమూడున్నాయి, పసుపూ గోధుమరంగూ కలిసి, ఉడకని కందిపప్పు బద్దల్లా. కొన్నాళ్ళు కౌంటర్ కింద పెట్టుకుని అడిగినవాళ్ళకి చూపించాను. తర్వాత మా ఆయన ఎక్కడో పడేశారు, ఎక్కడని అడగలేదు.

అమ్మ పార్వతీపురం వెళ్ళిపోయింది. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తుంది. తిన్నావా అని ముందు అడగదు.

"ఇయాల సలుపా, పోటా?"

"సలుపేనమ్మా."

"అయితే సరే. పడుకో."

ఫోన్ పెట్టేస్తుంది.